ఇంటికి చేరని చెప్పులు

దానం గారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన్ని అడిగితే వద్దనే అంటారు. అమలాపురంలో మా మందుల షాపు పక్కన కానుగ చెట్టు నీడలో పద్దెనిమిదేళ్లుగా తన అంబులెన్సు వేను పెట్టుకుంటున్న మనిషి ఆయన. నాకు ముక్కు మీద కోపం. ఆయనకు కోపం వచ్చిన రోజు నేను చూడలేదు. రోజుకు రెండుసార్లు ఇద్దరం కలిసి టీ తాగుతాం. నేను ఊళ్లో ఒక్కొక్కరినీ వరసపెట్టి తిడుతుంటే ఆయన "ఆయ్... మరేనండి" అంటూ వింటారు. నా తిట్లు ఎవరికీ చేర్చరు. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్లుగా తిడుతున్నాను.

నా షాపు ఎక్కడుందో కూడా చెప్పాలి. ఊళ్లో మూడంతస్తుల ప్రైవేటు ఆసుపత్రి ఒకటుంది. పేరు రాయను. మేమంతా మేడాసుపత్రి అంటాం. దాని గేటుకు సరిగ్గా ఎదురుగా నా షాపు. అక్కడ రాసిన చీటీలతోనే ముప్ఫై ఏళ్లుగా నా ఇల్లు గడుస్తోంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

దానం గారిది అల్లవరం దగ్గర పల్లె. తండ్రి వరిచేలల్లో కూలి చేసి ముగ్గురు కొడుకుల్నీ మిషను బడికి పంపాడు. పెద్దవాళ్లిద్దరూ టీచర్లయ్యారు. "మా ఇంట్లో అందరూ సుద్దముక్క పట్టుకున్నారండి, నేనొక్కణ్ణే స్టీరింగు పట్టుకున్నాను" అంటారు ఈయన, నవ్వుతూ. ముందు పెళ్లిళ్లకు తోలేవారు. తర్వాత అదే వేనులో సీట్లు పీకించి, స్ట్రెచరు వేయించి, ఆక్సిజన్ సిలిండరు పెట్టించారు. భార్య ఇందిర గారు అంగన్‌వాడీ టీచరు. ఒక్కతే కూతురు ఏంజెల్, కాకినాడలో నర్సింగు చదువుతోంది.

ఈ వృత్తిలో ఒక పద్ధతుంది. పేషెంటుని తెచ్చి దింపిన డ్రైవరుకి కొన్ని ఆసుపత్రుల్లో లోపలి నుంచి డబ్బులున్న కవరు ఒకటి వస్తుంది. వేను తోలేవాళ్లందరికీ తెలుసు. దానం గారికి కూడా మొదటి నెలలోనే వచ్చింది. ఆయన కవరు విప్పకుండానే కాంపౌండరు చేతిలో పెట్టి, "పేషెంటు వాళ్లు కిరాయి ఇచ్చేసేరు బాబూ, ఇది నాది కాదండి" అన్నారు. ఆ తర్వాత ఇంకెవరూ ఇవ్వబోలేదు. ఊళ్లో ఆయనకంత మర్యాద ఉందంటే అది ఆ కవరు వల్లే.

ఆ మర్యాద కాపాడుకోవడానికి ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. ఏ ఆసుపత్రి పేరూ తన నోటితో చెప్పరు. రోడ్డు మీద రక్తమోడుతున్న మనిషిని ఎక్కించుకుంటూ బంధువులు "ఎక్కడికి తీసుకెళ్దామండీ దానం గారూ?" అని అడిగితే, "మీ ఇష్టమండి. ఎక్కడికంటే అక్కడికి తోలతాను" అనేవారు. పేరు చెప్పిన డ్రైవరు కవరు కోసమే చెప్పాడనుకుంటారు కదా. ఆ నియమాన్ని నేనూ మెచ్చుకున్నాను. పదిమందిలో పొగిడాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నొక్కేసుకోవాలనిపిస్తుంది.

ఇంకో పద్ధతి ఆయనకే సొంతం. దెబ్బ తగిలిన మనిషిని ఎక్కించే హడావుడిలో చెప్పులు వేనులో ఉండిపోతాయి. దింపుకునేటప్పుడు చెప్పుల సంగతి ఎవరికి గుర్తుంటుంది? వేరే డ్రైవర్లు కాలవలోకి విసిరేస్తారు. దానం గారు మాత్రం కడిగి, తుడిచి, పది పన్నెండు రోజులయ్యాక ఊరు కనుక్కుని ఇంటికి తీసుకెళ్లి ఇచ్చి వస్తారు. మనిషి బతికి ఉంటే ఆ ఇంట్లో నవ్వులే. "చెప్పుల కోసం ఇంత దూరం వచ్చేరా అండీ" అని కాఫీ ఇస్తారు. మనిషి పోతే ఆ చెప్పులు ఎవరూ తీసుకోరు. వాటిని పారేయడానికి ఆయనకు చేతులు రావు. గోనెసంచిలో వేసి ఇంటి వెనక వసారాలో పెట్టేవారు. అలా పద్దెనిమిదేళ్లలో మూడు సంచులు నిండాయి.

మొన్నటి క్రిస్మస్‌కి సున్నాలు వేయిస్తూ వసారా ఖాళీ చేశారు. సెలవులకు వచ్చిన ఏంజెల్ ఆ సంచులు విప్పింది. ఆ రోజు నన్ను భోజనానికి పిలిచారు కాబట్టి నేను కళ్లారా చూశాను. పెరట్లో కొబ్బరి మట్టల పక్కన ఆ పిల్ల చెప్పులన్నీ పరిచి కూర్చుంది. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, మడమ విరిగిన ఆడవాళ్ల చెప్పులు, బురద మరకలు పోని ప్లాస్టిక్ చెప్పులు.

"ఇవి ఎవరివి నాన్నా?" అని ఒక జత ఎత్తి చూపించింది.

"అది బోడసకుర్రు దగ్గర మోటారుసైకిలు మీద నుంచి పడ్డాయనది. మేడాసుపత్రికి తోలేను."

"ఇవి?"

"అవి కాకినాడ పెద్దాసుపత్రి. లారీ గుద్దేసింది."

ఆయన ఒక్కటీ మర్చిపోలేదు. కాగితం మీద ఏదీ రాసుకోలేదు కానీ చెప్పు చూస్తే మనిషి, మనిషిని తలుచుకుంటే ఆసుపత్రి, చకచకా చెప్పేస్తున్నారు. ఆ పిల్ల ఒక్కో జతనీ ఒక్కో వైపు వేస్తూ పోయింది. సరదాగానే మొదలుపెట్టిందనుకుంటాను. కాసేపటికి సరదా పోయింది. మేడాసుపత్రి కుప్ప ముప్ఫై ఒక్క జతలు. కాకినాడది పద్నాలుగు.

"మేడాసుపత్రి దగ్గర కదమ్మా, అక్కడికి ఎక్కువమంది వెళ్తారు, ఎక్కువ పోతారు" అన్నాను నేను. నా షాపు తరఫున మాట్లాడానని ఆ తర్వాత అర్థమైంది.

"నాన్నా, అసలు ఎక్కడికి ఎక్కువమందిని తోలేవు?" అని అడిగింది ఏంజెల్.

దానం గారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. "కాకినాడకేనమ్మా. దెబ్బ తగిలినవాళ్లలో లేనివాళ్లే ఎక్కువ కదా. డబ్బున్నవాళ్లు ఇక్కడ దిగిపోతారు, లేనివాళ్లు పెద్దాసుపత్రికే పొమ్మంటారు."

"దారిలో పోయినవాళ్లవి ఏ ఆసుపత్రి కింద చెప్పేవు?"

"కాకినాడ అని బయల్దేరితే అది కాకినాడ కుప్పే. దారిలో పోయినా అంతే."

ఆ పిల్ల చెప్పుల మధ్య గొంతుక్కూర్చుని రెండు కుప్పలూ మళ్లీ లెక్కపెట్టింది. చివరికి, "ఇది సరైన లెక్క కాదు నాన్నా. ఎవరికెంత దెబ్బో మనకి తెలీదు. కానీ ఇంత తేడా ఊరికే రాదు" అంది.

ఎందుకొచ్చిందో నాకు తెలుసు. మేడాసుపత్రి బోర్డు మీద పన్నెండుమంది డాక్టర్ల పేర్లున్నాయి. తలకు ఆపరేషన్ చేసే డాక్టరు గారి పేరు పైనుంచి మూడోది. ఆయన బయటి ఊరి నుంచి మంగళవారం సాయంత్రం, శుక్రవారం సాయంత్రం వస్తారు. బోర్డు మీద ఆ వారాలు రాయలేదు. మిగతా రోజుల్లో తల పగిలినవాణ్ణి మంచం మీద పడుకోబెట్టి, సెలైను పెట్టి, చూస్తూ ఉంటారు. బుధవారం వచ్చే చీటీల్లో ఎప్పుడూ అవే నాలుగు ఇంజెక్షన్లు, డ్యూటీ డాక్టరు చేతిరాతలో. ఆ చేతిరాత నాకు నా చేతిరాత కన్నా బాగా తెలుసు. అయినా ఆ పెరట్లో నేను నోరు విప్పలేదు. ఇందిర గారు పిలిస్తే వెళ్లి భోజనం చేశాను. కోడి పలావు బాగుంది.

మార్చి నెలలో ఒక బుధవారం ఉదయం పదింటికి దానం గారికి ఫోనొచ్చింది. బుల్లబ్బాయి కొబ్బరిచెట్టు మీద నుంచి పడిపోయాడని.

బుల్లబ్బాయి దింపు కార్మికుడు. చెట్టెక్కి కాయ దింపడంలో అల్లవరం మండలంలో పేరున్నవాడు. దానం గారికి చిన్నప్పటి స్నేహితుడు. ఇద్దరూ ఒకే కాలవలో ఈతలు కొట్టారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ రోజు అతను ముత్యాలరాజు గారి తోటలో కాయ దింపుతున్నాడు. తెల్లవారుజామున జల్లు పడి మాను తడిగా ఉందట. కాళ్లకు వేసుకున్న తాడు జారింది.

తర్వాత జరిగింది దానం గారు నాకు చెప్పిన ప్రకారమే రాస్తున్నాను. ఆయన వెళ్లేసరికి బుల్లబ్బాయి చెట్టు మొదట్లో పడి ఉన్నాడు. ఊపిరి ఉంది. మూలుగుతున్నాడు. ఎడం చెవిలోంచి రక్తం కారుతోంది. భార్య వెంకటలక్ష్మి పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుని ఉంది. తోట రైతు ముత్యాలరాజు గారు అప్పటికే నాలుగు ఫోన్లు చేశారు.

"దానం, తిన్నగా మేడాసుపత్రికి పోనీ. మా వాడికి చెప్పేను, మంచం రెడీగా ఉంచుతారు. ఖర్చంతా నేను చూసుకుంటాను" అన్నారాయన.

ముత్యాలరాజు గారు చెడ్డవారు కాదు. ఈ మాట నేను కోపంతో ఉన్నప్పుడు కూడా ఒప్పుకుంటాను. కూలివాడి కోసం అంత ఖర్చు నెత్తిన వేసుకునే రైతులు ఎంతమంది ఉన్నారు?

దానం గారికి పెరట్లో రెండు కుప్పలూ కళ్లముందు మెదిలాయి. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒక ఆసుపత్రి పేరు ఆయన నోటి నుంచి వచ్చింది.

"రాజుగారండీ... కాకినాడైతే..."

"కాకినాడా? గంటన్నర ప్రయాణం. దారిలో ఏదైనా అయితే ఎవరు చూస్తారు? మొహమాటపడకు, డబ్బు నాది."

అక్కడే ఉన్న వెంకటలక్ష్మి తమ్ముడు చంటి, "ఏంటండీ దానం గారూ, కాకినాడలో ఏవన్నా ఇత్తారా ఏటి?" అన్నాడు. ఎగతాళిగా కాదు, కంగారులో అన్నాడంతే. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా దానం గారి మొహంలోకి చూశారు.

వెంకటలక్ష్మి కూడా తలెత్తి చూసింది. "అన్నయ్యగారూ, ఎక్కడికైతే మంచిదండీ?"

"మీ ఇష్టం చెల్లెమ్మా" అన్నారు దానం గారు.

స్ట్రెచరు ఎక్కించాక వెంకటలక్ష్మి మళ్లీ చెట్టు దగ్గరికి పరిగెత్తింది. దింపువాళ్లు చెట్టు కింద చెప్పులు విడిచే ఎక్కుతారు. బుల్లబ్బాయి నీలం రంగు హవాయి చెప్పులు మొదట్లో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని తెచ్చి వేనులో భర్త కాళ్ల దగ్గర పెట్టింది. "వచ్చేటప్పుడు కాళ్లకి ఉండాలి కదండీ" అంది.

పదకొండింటికి వేను మేడాసుపత్రి గేటులోకి వెళ్లడం నేను కౌంటరు వెనక నుంచి చూశాను. కాసేపటికి ముత్యాలరాజు గారి మనిషి చీటీ పట్టుకొచ్చాడు. అవే నాలుగు ఇంజెక్షన్లు. బుధవారం అని కేలెండరు చూడనక్కర్లేకుండానే తెలిసింది. ఇచ్చాను.

గురువారం మధ్యాహ్నం దాకా చూసి, పరిస్థితి బాగోలేదు, కాకినాడ తీసుకెళ్లిపోమని కాగితం రాసిచ్చారు. మళ్లీ దానం గారే తోలారు. మురమళ్ల, ఎదుర్లంక, యానాం వంతెన. బుధవారం వెళ్లాల్సిన దారిలో గురువారం వెళ్లారు. పెద్దాసుపత్రిలో గంటలోపే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. శనివారం ఉదయం బుల్లబ్బాయి పోయాడు.

నిన్న తెస్తే బతికేవాడని అక్కడ ఎవరూ అనలేదు. "అన్నా బావుండేదండి శ్యాంబాబు గారూ. బతికేవాడో కాదో ఏదో ఒకటి తెలిసేది" అన్నారు దానం గారు నాతో. టీ గ్లాసు పట్టుకున్నారు కానీ తాగలేదు.

దినం అయ్యాక రెండు రోజులు ఆగి చెప్పులు పట్టుకుని వెళ్లారు. వాళ్లు తీసుకోరని ఆయనకు తెలుసు. తెలిసీ ప్రతి ఇంటికీ వెళ్లినట్టే వెళ్లారు. వెంకటలక్ష్మి అరుగు మీద కూర్చుని ఉంది. చెప్పులు చూసి ఏడవలేదు. మెల్లగా అంది:

"ఆ రోజు కాకినాడ అని మీరొక మాట అన్నారు అన్నయ్యగారూ. మళ్లీ అనలేదు. మేడాసుపత్రి మంచిది కాకపోతే మళ్లీ అనేవారు కదా అనుకున్నానండి. మీరు కాదనలేదని ఎక్కించేను."

నిష్ఠూరంగా అనలేదట. ఉన్న విషయం చెప్పినట్టు చెప్పిందట. దానం గారు చెప్పులు చేత్తో పట్టుకుని అలాగే నా షాపుకి వచ్చారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఈ జత ఏ కుప్పలో వేయాలండీ?" అని అడిగారు.

జవాబు కూడా ఆయనే చెప్పారు. "మేడాసుపత్రి కుప్పలో కాదండి. కాకినాడదీ కాదు. నాకని వేరే కుప్ప పెట్టుకోవాలి. ఇన్నేళ్లూ ఎవరెవరితో 'మీ ఇష్టం' అన్నానో వాళ్లంతా అందులోకే వస్తారు. నేను చెడ్డపేరుకి భయపడ్డానండి, అంతే. దాన్ని నిజాయితీ అనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. సిరప్ సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

ఆ తర్వాత ఆయన తల డాక్టరు గారు వచ్చే రోజులు కనుక్కుని, మాట్లాడటం మొదలుపెట్టారు. తలకు దెబ్బ తగిలినవాడు వేను ఎక్కితే చాలు, ఎవరూ అడగకుండానే "నేనైతే కాకినాడ తీసుకెళ్తానండి. అక్కడ నాకు పైసా రాదు. ఇక్కడ ఈరోజు తల డాక్టరు గారు లేరు" అని ఒకటికి రెండుసార్లు చెప్తారు. కొందరు వింటారు. విన్నవాళ్లలో ఇద్దరికి చెప్పులు ఇంటికి చేర్చి, కాఫీ తాగి వచ్చారు. ఎక్కువమంది వినరు. దానం కూడా కవర్లకి మరిగాడని ఆటో స్టాండులో అనుకుంటున్నారు. చర్చిలో పెద్దలు పిలిచి అడిగారట, ఏం దానం, ఏమిటీ మాటలు అని. మేడాసుపత్రి వాళ్లు గేటు లోపల వేను తిప్పుకోవద్దన్నారు. రోజుకు రెండు మూడు ట్రిప్పులు తోలినవారు ఇప్పుడు వారంలో రెండు తోలితే గొప్ప. ఇందిర గారు ఏమీ అనరు. ఏంజెల్ మాత్రం ప్రతి ఆదివారం ఫోను చేసి, "చెప్పు నాన్నా, మానకు" అంటుందట.

ఇక నా సంగతి. దానం గారిని ఊరు అన్న మాటలకి నేను మండిపడ్డాను. టీ కొట్టు దగ్గర ఇద్దరితో గొడవ పడ్డాను. అందరికన్నా నేనే ఆయన పక్షం అనుకున్నాను.

మూడు వారాల కిందట, బుధవారమే, మధ్యాహ్నం ఒక ఆటో వచ్చి మేడాసుపత్రి గేటు ముందు ఆగింది. వెనక సీట్లో ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి. మోటారుసైకిలు వెనక కూర్చుని చీర చక్రంలో చుట్టుకుని పడిపోయిందట. తల భర్త ఒళ్లో ఉంది. పైట కొంగుతో తల కట్టారు, అదంతా తడిసిపోయింది. దానం గారు కానుగ చెట్టు కింద నుంచి గబగబా వెళ్లారు.

"బాబూ, ఇక్కడ తల డాక్టరు గారు శుక్రవారం గాని రారండి. కాకినాడ తీసుకెళ్దాం. కిరాయి వద్దు, ఆయిలు పోయించండి చాలు."

ఆ భర్త బెదిరిపోయి అటూ ఇటూ చూశాడు. కిరాయి వద్దనేసరికి అనుమానం ఇంకా పెరిగింది పాపం. ఎదురుగా నా షాపు కనబడింది. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, వెనక మందుల అరలు. నమ్మదగ్గ మనిషిలా కనిపించి ఉంటాను.

"ఏవండీ, ఈయన చెప్పేది నిజమేనా అండీ?"

గేటు దగ్గర కాంపౌండరు నిలబడి నన్నే చూస్తున్నాడు. దానం గారూ నన్నే చూస్తున్నారు. ఆయన నన్ను ఏ సాయమూ ఎప్పుడూ అడగలేదు. ఆ క్షణంలో అడుగుతున్నారని తెలుస్తూనే ఉంది.

"మీ ఇష్టమండి" అన్నాను.

ఆటో లోపలికి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఎత్తు ఎక్కేటప్పటి కుదుపుకి ఆవిడ చెప్పు ఒకటి జారి రోడ్డు మీద పడింది. ఎర్ర పట్టీల చెప్పు. దానం గారు అటు కూడా చూడకుండా వెళ్లి వేనులో కూర్చున్నారు. నేను వెళ్లి తీసి కౌంటరు కింద పెట్టాను.

ఆవిడ ఏమైందో నాకు తెలియదు. గేటు దాటి లోపలికి వెళ్లి అడిగితే చెప్తారు. రోడ్డు వెడల్పు ఇరవై అడుగులుంటుంది. మూడు వారాలుగా ప్రతి ఉదయం షట్టరు ఎత్తగానే ముందు ఆ చెప్పే కనిపిస్తోంది.

దానం గారు నాతో మాటలు మానలేదు. మానినా బావుండేది. నిన్న టీ తాగుతూ కౌంటరు కిందికి వంగి ఆ చెప్పు తీశారు. తువ్వాలుతో దుమ్ము తుడిచి, మళ్లీ అక్కడే పెట్టారు.

"దాచుకోకండి శ్యాంబాబు గారూ. వెళ్లి అడిగి రండి. బతికుంటే ఆవిడకి కావాలి కదండీ" అన్నారు.

"ఆయ్" అన్నాను. ఇంకా వెళ్లలేదు.